ఇరుసు, యాక్సిల్: కర్నూలు, కడప సీమల్లో ఒక పదం వెనుక చరిత్ర

సుమతీ శతకంలో కరణాలను గురించిన పద్యం ఒకటి ప్రసిద్ధం. కరణాలను అనుసరించి నడుచుకోనివాడికి తిన్న తిండి కూడా వికటిస్తుందని హెచ్చరించి, అందుకు దృష్టాంతంగా అది బండి ఇరుసును చూపుతుంది. ఇరుసుకు కందెన పెట్టకపోతే పరమేశ్వరుడి బండి అయినా కదలదన్నది ఆ పద్యం తేల్చిన సంగతి. శతకకర్త ఎవరు, కాలమేది అన్న వివాదాల జోలికి ఈ వ్యాసం పోదు. ఆ దృష్టాంతంలోని వస్తువే ఇక్కడి విషయం.

తరగతి గదిలో ఈ పద్యానికి చెప్పే తాత్పర్యం చాలా మటుకు లంచం దగ్గరే ఆగిపోతుంది. కందెన అంటే చేతులు తడపడమనీ, ఇరుసు అంటే ‘బండి యాక్సిల్’ అనీ చెప్పి ముందుకు సాగిపోతాం. మొదటి వివరణతో పేచీ లేదు. రెండో దానిలో చిక్కు ఉంది. ఎద్దులబండి ఇరుసు తిరగదు. అది బిగించిన చోటనే ఉంటుంది, చక్రమే దాని చుట్టూ తిరుగుతుంది. మనం రోజూ ఎక్కే మోటారు వాహనాల్లో వెనుక యాక్సిల్ సాధారణంగా తిరుగుతుంది, చక్రాన్ని తిప్పుతుంది కూడా. ఒకటి మోసేది, మరొకటి నడిపేది. ఈ రెండింటినీ ఒక్కటిగా చెప్పడం వల్ల పద్యంలో ఒక అర్థం మరుగున పడుతోంది. నేటి పత్రికా భాషలో ‘అభివృద్ధికి ఇరుసు’ వంటి ప్రయోగాలు ‘నడిపించే శక్తి’ అనే అర్థంలోకి జారిపోవడానికీ ఈ కలగలుపే కారణమని నా అభిప్రాయం.

ఈ భేదాన్ని నిఘంటువుల సాయంతో మాత్రమే తేల్చలేం. వస్తువు చరిత్ర కావాలి. అందుకు కర్నూలు, కడప ప్రాంతాలను ఎంచుకొన్నాను. ఇరుసుకు పనికివచ్చే కలప పెరిగే నల్లమల ఇక్కడే ఉంది. నీటిదారులు లేక, రైలు ఆలస్యంగా వచ్చి, బతుకు బరువంతా చాలాకాలం బండి మీదనే సాగిన మెట్టసీమ కూడా ఇదే.

పదం

ఇరుసు దేశ్యపదం. తమిళ, కన్నడాల్లో దీనికి జ్ఞాతిపదాలు ఉన్నాయి కనుక కొత్తగా అరువు తెచ్చుకొన్న మాట కాదు. సంస్కృతం నుంచి వచ్చిన అక్షశబ్దం తెలుగులో దీని పక్కనే నిలిచింది కాని దీన్ని తొలగించలేకపోయింది. రెండూ పని పంచుకొన్నాయి. భూగోళానికి అక్షం, బండికి ఇరుసు. అక్షాంశమని అంటాం, ఇరుసాంశమని అనం. బండి దగ్గర రైతు నోట అక్షం అన్న మాటా వినపడదు.

ఇరుసు పడే బాధను కవులు చాలా ముందే గమనించారు. ఋగ్వేదం మొదటి మండలంలోని 164వ సూక్తంలో అయిదు ఆకుల చక్రం ప్రసక్తి వస్తుంది. ఎంత బరువు మోసినా దాని అక్షం వేడెక్కదనీ, ఎన్నటికీ విరగదనీ ఋషి చెబుతాడు. మామూలు బండి అక్షం వేడెక్కుతుందనీ, ఏదో ఒకనాడు విరుగుతుందనీ ఎరిగినవాడికి తట్టే ఊహ అది. శతకపద్యంలోని పరమేశ్వరుడి బండిని త్రిపురసంహార రథంగా తీసుకొంటే, ఆ రథానికి సూర్యచంద్రులు చక్రాలు, వ్యాసభారత కర్ణపర్వం ప్రకారం మందరపర్వతం అక్షం. నంది లాగే మామూలు బండే అని తీసుకొన్నా అన్వయం చెడదు. మందరాన్ని తలచుకొన్నప్పుడు మాత్రం పద్యంలోని చమత్కారం హెచ్చుతుంది. వేదఋషి అక్షానికి వేడి లేదు. శతకకర్త ఇరుసుకు, అది పర్వతమే అయినా, చమురు కావాలి.

ఆధునిక కాలంలో ఈ పదాన్ని నమోదు చేసినవారిలో సి.పి. బ్రౌన్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన బ్రౌన్ అక్కడి పండితులతో కలిసి గ్రంథాల పరిష్కరణ సాగించాడు. 1852 నాటి ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కావ్యపదాలతో పాటు ఇరుసు, కందెన వంటి ఇంటిమాటలకూ చోటిచ్చింది. వృత్తుల మాటలను వృత్తిదారుల నోటి నుంచే సేకరించే పని మాత్రం మరో శతాబ్దం ఆగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి చేపట్టిన మాండలిక వృత్తిపదకోశంలో మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. ఒకే వస్తువుకు ఏ ఊళ్లో ఏ పేరో చెప్పడంలో ఆ కోశాన్ని మించిన ఆధారం మనకు లేదు. ఒకే పేరు కింద వస్తువు ఎలా మారుతూ వచ్చిందో చెప్పడం ఇంకో రకం పని. ఇరుసుకు కావలసింది అది.

తిరగని కొయ్య

ఎద్దులబండిలో చోదకశక్తి కాడి దగ్గర ఉంటుంది. ఎద్దులు లాగుతాయి, బండి కదులుతుంది, నేల ఒరిపిడి వల్ల చక్రం దొర్లుతుంది. ఇరుసు ఎవరినీ తిప్పదు. బండి చట్రం కింద అడ్డంగా బిగిసి, పైనున్న బరువునంతా తన రెండు చివరల మీదకు తెచ్చి, చక్రాల నాభుల్లోకి దించుతుంది. నాభి జారిపోకుండా ఇరుసు కొసన చీల ఉంటుంది. అన్నిచోట్లా ఏర్పాటు ఇదే కాదు. సింధు ప్రాంతపు పాతకాలపు బండ్లలో ఇరుసు చక్రాలకు బిగిసి వాటితో పాటు తిరిగేది. మన బండి ఆ జాతిది కాదు.

తిరిగే నాభికి, తిరగని ఇరుసుకు నడుమ ఒరిపిడి పుడుతుంది. కందెన పని అక్కడ. ఆముదంలో మసి కలిపి చేసిన నల్లటి జిడ్డును వెదురు గొట్టంలో నింపి బండికి వేలాడదీసేవారు. మెట్టచేలల్లో పండే ఆముదం ఇంటి దీపానికీ, బండి ఇరుసుకూ పంపకమయ్యేది. కందెన ఎండితే ముందుగా తెలిసేది చెవికి. తరవాత ముక్కుకు, కొయ్య కాలిన వాసనగా. చివరకు బండి నిలిచిపోతుంది.

ఈ ఏర్పాటు తెలిశాక పద్యాన్ని మళ్లీ చదవాలి. కరణం ఊరిని నడపడు. సేద్యం చేసేది రైతు, శిస్తు రాబట్టేది ప్రభుత్వం. కరణం లెక్క పట్టుకొని ఒకచోట కూర్చొని ఉంటాడు, ఊరు అతని చుట్టూ తిరుగుతుంది. పైవాడి బరువు కిందికి దిగేది అతని మీదుగానే. ఒరిపిడి పుట్టేదీ అక్కడే. కందెన పెట్టేది ఇరుసును కదిలించడానికి కాదు, తిరిగే చక్రం కాలిపోకుండా ఉండటానికి. కనుక పద్యం లంచాన్ని మెచ్చుకోవడమూ కాదు, తిట్టడమూ కాదు. కదలని అధికారం చుట్టూ కదలక తప్పనివాడి అవస్థను అది చెబుతోంది. కరణాన్ని ‘తిరిగే యాక్సిల్’గా ఊహించుకొంటే ఈ అన్వయం కుదరదు. అప్పుడు కరణమే ఊరిని నడిపేవాడవుతాడు, పద్యం పొగడ్తగా మారుతుంది.

ఈ సీమ చరిత్ర ఆ అన్వయానికి తోడు నిలుస్తుంది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీకి వచ్చాయి. 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలం కొలిపించి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు ఉండడన్నది ఆ పద్ధతి ప్రతిజ్ఞ. జమీందారు లేకుండా పోవచ్చు గాని, లెక్క రాసేవాడు లేకుండా పోడు. పట్టా ఎవరిది, సాగెంత, శిస్తెంత అన్నవి కరణం కట్టలోనే ఉండేవి. కలెక్టర్లు మారారు, రైతులు వలసపోయారు, తిరిగివచ్చారు, కట్ట మాత్రం ఆ ఇంట్లోనే ఉంది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసేదాకా ఆ స్థానం ఏదో ఒక రూపంలో కొనసాగింది.

దారులు, ఓడలు, బండ్లు

బండి ఈ సీమలో అనాదిగా అన్ని బరువులూ మోసిందనుకోవడం పొరపాటు. 19వ శతాబ్దపు తొలినాళ్లలో దూరప్రయాణపు సరుకు ఎక్కువగా పెరికెద్దుల మీద సాగేది. ఉప్పు, ధాన్యం గోనెల్లో నింపి ఎద్దు వీపున రెండు వైపులా వేలాడదీసి, లంబాడీలు మందలు మందలుగా తోలుకుపోయేవారు. మైసూరు యుద్ధాల్లో సేనలకు ధాన్యం అందింది కూడా చాలావరకు ఈ బిడారుల మీదనే. పెరికెద్దుకు దారితో పని లేదు, కనుమ ఎక్కుతుంది, వంక దాటుతుంది. ఇరుసుకు మాత్రం దారి కావాలి. రేగడిలో చక్రం కూరుకుపోతే, రాతిగొట్టు మీద ఒక చక్రం లేచి రెండోది దిగితే, ఆ వంపంతా ఇరుసు భరించాలి.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలాల మీదుగా హైదరాబాదు చేరాడు. ఆయన ప్రయాణం పల్లకీలో, బోయీల భుజాల మీద జరిగింది. 1838లో అచ్చయిన కాశీయాత్రచరిత్ర దారి ఇసుకపరా, రేగడా, రాతి నేలా అన్న వివరాలను మజిలీ వెంట మజిలీగా చెబుతూ పోతుంది. చాలామంది పరిశోధకులు ఆ గ్రంథంలో కులాచారాలనూ, క్షేత్రమాహాత్మ్యాలనూ వెదికారు. నేల స్వభావాన్ని గురించిన ఆ వాక్యాలను వరసగా పేర్చుకొని చదివితే, ఆనాడు ఈ సీమలో చక్రానికి ఎంత చోటు ఉండి ఉంటుందో ఊహకు వస్తుంది. మోతగాళ్ల కాళ్లను అలవరచిన నేల అది.

శతాబ్దం నడుమ నుంచి దారులు మెరుగుపడేకొద్దీ బండ్లు పెరిగాయి. అదే కాలంలో బండి అక్కర తీర్చేస్తామన్న ఆలోచన కూడా వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ నీటిదారుల పక్షపాతి. చక్రం మీద కన్నా పడవ మీద సరుకు చాలా చవకగా పోతుందని ఆయన వాదం. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో తవ్విన కర్నూలు–కడప కాలువ ఆ వాదానికి ఈ సీమలో దొరికిన రూపం. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై సుమారు 300 కిలోమీటర్లు సాగే ఆ కాలువను సేద్యానికీ, పడవలకూ కూడా ఉద్దేశించారు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కొంది. పడవల రవాణా అనుకొన్న స్థాయికి ఎన్నడూ చేరలేదు, తరవాత పూర్తిగా ఆగిపోయింది. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్న సామెతలో ఈ సీమకు మొదటి సగమే దక్కింది.

రైలు 1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా పూర్తయింది. కర్నూలు పట్నం ఆ దారిలో లేదు. అయిదేళ్లు గడవకముందే ధాత కరువు వచ్చింది. 1876–78 నాటి ఆ కరువులో మద్రాసు రాజధాని మొత్తం మీద అత్యంత దారుణంగా దెబ్బతిన్నది కర్నూలు జిల్లా. 1871, 1881 జనగణనల నడుమ ఆ జిల్లా జనాభాలో సుమారు నాలుగో వంతు తగ్గింది. వానలు లేకపోవడం, ధరలు పెరగడం, ప్రభుత్వ విధానం వంటి కారణాలను చరిత్రకారులు విస్తారంగా చర్చించారు. వాటిలో ఒక కారణం మన విషయానికి నేరుగా చెందుతుంది.

మద్రాసు రేవులో ధాన్యం దిగింది. రైలు దాన్ని గుత్తి వంటి స్టేషన్ల దాకా తెచ్చింది. అక్కడి నుంచి కర్నూలు సుమారు 90 కిలోమీటర్లు. బరువు బండి రోజుకు పాతిక కిలోమీటర్లు నడిచినా పోవడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు రోజులు. ఆ ఎనిమిది రోజులూ ఎద్దులకు మేత కావాలి, నీళ్లు కావాలి. కరువులో మొదట మాయమయ్యేవి ఆ రెండే. మేత కొనాలంటే దొరకదు. మోసుకుపోదామంటే మేత వేసినంత మేరా ధాన్యం తగ్గుతుంది. ఎద్దులు చచ్చిపోతుంటే బండ్లు ఉన్నా లేనట్లే. ధాన్యం స్టేషనులో ఉంది, ఆకలి ఊళ్లో ఉంది, నడుమ ఇరుసు ఉంది. కరువు సాహిత్యాన్ని చదివేటప్పుడు మనం ఎండిన చెరువునూ, బోసిపోయిన గాదెనూ చూస్తాం. కదలని బండిని కూడా ఆ చిత్రంలో చేర్చుకోవాలి. కర్నూలు సీమలో మరిన్ని రైలుదారులు పడింది ఆ కరువు తరవాతనే.

కలప నుంచి ఇనుముకు

ఇరుసుకు ఏ కొయ్య పడితే ఆ కొయ్య పనికిరాదు. బరువుకు వంగి, బరువు దించగానే తిరిగి నిలిచే గుణం ఉండాలి. గట్టిగా ఉండి పెళుసైనది మొదటి వంకలోనే విరుగుతుంది. నల్లమల వంటి ఎండు ఆకురాలు అడవుల్లో ఆ గుణం ఉన్న చెట్టు చిరుమాను. దీనికి ఇంగ్లీషులో ఉన్న వ్యాపారనామం ‘యాక్సిల్‌వుడ్’, అంటే ఇరుసుమాను. మనవాళ్లు చెట్టును చూసి పేరు పెడితే, ఇంగ్లీషువాళ్లు దాని పనిని చూసి పెట్టారు. నాభులకు, ఆకులకు చెల్క గట్ల మీద పెరిగే నల్లతుమ్మ అక్కరకొచ్చేది. అంటే చక్రం చాలావరకు ఊరిది, ఇరుసు అడవిది.

ఈ భేదానికి 1882 తరవాత ప్రాధాన్యం వచ్చింది. ఆ ఏటి మద్రాసు అటవీ చట్టంతో అడవి పెద్దపెద్ద భాగాలుగా రిజర్వు అయింది. అంతకుముందు వడ్రంగి గొడ్డలి పట్టుకొని వెళ్లి తెచ్చుకొన్న కొయ్యకు అనుమతి, రుసుము అవసరమయ్యాయి. మేపుబీళ్ల మీదా, ఎరువు ఆకు మీదా, పనిముట్ల కలప మీదా రైతుల ఫిర్యాదులు పేరుకుపోయి, వాటిని విచారించడానికి వేసిన అటవీ సంఘం 1913లో నివేదిక ఇచ్చేదాకా వచ్చింది. నాగలి కర్ర కోసం, బండి కొయ్య కోసం గార్డు ముందు నిలబడవలసి రావడం రాయలసీమ రైతుకు సర్కారు అంటే ఏమిటో తెలిపిన అనుభవాల్లో ఒకటి. సహాయనిరాకరణ రోజుల్లో కడప జిల్లా రాయచోటి తాలూకాలో అటవీ నిబంధనల మీద ప్రతిఘటన లేచిందంటే దాని వేళ్లు ఇక్కడ ఉన్నాయి.

ఇనుప ఇరుసు ఈ ఇరుకులోకే వచ్చింది. దిగుమతి ఇనుము చవక కావడం, రైలు దాన్ని సీమ నడుమ దాకా తేవడం ఒక కారణం. దాని గుణం మరో కారణం. ఆ గుణాన్ని కొంచెం వివరంగా చూడాలి. ఒరిపిడి వల్ల లాగడం ఎంత బరువవుతుందన్నది ఇరుసు మందానికీ చక్రం ఎత్తుకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు 60 అంగుళాల చక్రంలో 4 అంగుళాల మందం కొయ్య ఇరుసు ఉంటే ఆ నిష్పత్తి 15కు 1. అదే చక్రానికి 2 అంగుళాల ఇనుప ఇరుసు వేస్తే 30కి 1. కందెన అదే, ఎద్దులవే, అయినా ఇరుసు దగ్గర వృథా అయ్యే శ్రమ సగానికి దిగుతుంది. కొయ్య ఇరుసునే సన్నం చేసుకోవచ్చు కదా అంటే కుదరదు. మందం సగమైతే వంపును తట్టుకొనే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కొయ్య లావుగా ఉండక తప్పదు, లావుగా ఉన్నంతకాలం ఎద్దు మెడ మీద ఆ భారం తప్పదు. నాభిలో ఇనుప గొట్టం, దానిలో ఇనుప ఇరుసు వచ్చాక ఎద్దుకు కలిగిన సుఖాన్ని ఏ కవీ వర్ణించినట్టు లేదు గాని, అది చిన్నది కాదు.

ఒరిపిడికి ఇంత లెక్క ఉన్నచోట దాన్నే వేడుకగా మార్చుకొన్న ఆచారం కూడా ఉంది. తిరునాళ్లలో జరిగే బండలాగుడు పందేల్లో చక్రమూ లేదు, ఇరుసూ లేదు. నున్నగా చెక్కిన పెద్ద బండను ఎద్దులు నేల మీద ఈడ్చుకుపోతాయి. ఇరుసు ఏడాది పొడవునా ఎద్దుకు తగ్గించిన శ్రమ ఎంతో ఆ ఒక్క పూటలో కళ్లకు కడుతుంది.

ఇనుముతో పాటు ఊళ్లో పని చేతులు మారింది. కొయ్య ఇరుసు విరిగితే వడ్రంగి ఇంటి ముందు బండి ఆగేది. ఇనుప ఇరుసు వంగితే కొలిమి దగ్గరకు పోవాలి. చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు ఇద్దరూ కలవాల్సిందే. కమ్మరి పట్టాను ఎర్రగా కాలిస్తే వడ్రంగి చక్రాన్ని సిద్ధంగా పెడతాడు. తొడిగి నీళ్లు పోయగానే పట్టా బిగుసుకొంటుంది. ఈ సీమ ఎండలకు కొయ్య ఎండి చక్రం వదులైతే రైతు దాన్ని విప్పి నీళ్లలో నానబెట్టేవాడు. ఇరుసుకు మాత్రం ఇక ఆ కొయ్యగుణం లేదు. ఎండకు పగలదు, వానకు ఉబ్బదు, అంగట్లో దొరుకుతుంది, డబ్బుకు దొరుకుతుంది. పంట వచ్చాక గింజలిచ్చి తీర్చుకొనే వృత్తిపనివాడి లెక్కలోంచి అది అలా బయటపడింది. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు అంగళ్లకు పత్తి తోలిన బండ్లకూ, బేతంచెర్ల, ఎర్రగుంట్ల గనుల నుంచి నాపబండలు మోసిన బండ్లకూ కొయ్య ఇరుసుతో ఎంతోకాలం సాగేది కాదు.

పదం మాత్రం మారలేదు. చిరుమాను దుంగా ఇరుసే, ఇనుప కడ్డీ కూడా ఇరుసే. పదార్థం మారినా పేరు నిలవడానికి కారణం పని మారకపోవడం. తిరగని కొయ్య స్థానంలో తిరగని ఇనుము వచ్చింది.

టైరుబండి, మోటారు బండి

20వ శతాబ్దంలో వచ్చిన రబ్బరు టైర్ల బండి ఈ సూత్రానికి మంచి పరీక్ష. చక్రం, ఆకులు, పట్టా, నాభి అన్నీ పోయాయి. నాభి ఉన్న చోట బేరింగులు వచ్చాయి. కందెన గొట్టం పోయి గ్రీజు వచ్చింది, అది కంటికి కనపడని చోట దాగింది. అయినా రైతు ఆ అడ్డ కడ్డీని ఇరుసనే అన్నాడు. ట్రాక్టరు వెనుక ట్రాలీ అడుగున ఉన్నదాన్నీ ఇరుసనడానికి అభ్యంతరం ఉండదు. ఆ రెండింటిలోనూ కడ్డీ కదలదు, చక్రమే తిరుగుతుంది. 1970లలో ఎద్దులబండి మీద విస్తృతంగా పరిశోధించిన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంచాలకుడు ఎన్.ఎస్. రామస్వామి, దేశంలో కోటికి పైగా ఉన్న బండ్లను విసర్జించడం కాక బాగుచేయడమే మార్గమని వాదించాడు. ఆ బాగుచేయడంలో చక్రం, బేరింగు, కాడి అన్నీ చర్చకు వచ్చాయి. ఇరుసును తిప్పాలన్న ఆలోచనకు మాత్రం తావు లేదు, దానికి ఇంజను కావాలి.

ఇంజను వచ్చినచోట పదం ఆగింది. జీపు, ఆటో, చిన్న ట్రక్కు మరమ్మతు చేసేవాడు యాక్సిల్ అంటాడు, ఇరుసు అనడు. దీన్ని ఇంగ్లీషు మోజు అని కొట్టిపారేయడం తేలిక. అతని వాడుకలో ఒక కచ్చితత్వం ఉంది. బరువు లారీల వెనుక సాధారణంగా ఉండే ఏర్పాటులో బరువును బయటి గొట్టం మోస్తుంది, లోపలి కడ్డీ చక్రాన్ని తిప్పడానికే పరిమితం. అక్కడ గొట్టం మన ఇరుసు, కడ్డీ వాళ్ల యాక్సిల్. రెండు పనులకు రెండు వస్తువులు. కడ్డీ విరిగినా చక్రం ఊడిపోదు, లారీ నిలిచిపోతుంది, అంతే. తేలికపాటి వాహనాల్లో చాలావాటికి ఈ విభజన ఉండదు. ఖర్చు తగ్గించడానికి, బరువు తగ్గించడానికి, లోపలి కడ్డీయే చక్రాన్ని తిప్పుతుంది, చక్రం మీది బరువునూ మోస్తుంది. వంపూ దానిదే, మెలికా దానిదే. అది కొస దగ్గర విరిగితే చక్రమే వేరైపోవచ్చు. ఇరుసు, యాక్సిల్ ఒకే కడ్డీలో కలిసిపోయింది ఈ తేలికపాటి బండిలోనే.

ఇక్కడ ఒక పోలిక ఆసక్తి గొలుపుతుంది. 2005లో విపణిలోకి వచ్చిన టాటా ఏస్ ముప్పాతిక టన్ను మోయడానికి ఉద్దేశించింది. మంచి దారిలో ఇనుప ఇరుసు ఎద్దులబండి మోసే బరువు కూడా ఇంచుమించు అంతే. పత్తికొండ టమాటాలు, కర్నూలు ఉల్లిగడ్డలు, పులివెందుల అరటిగెలలు ఇవాళ ఈ చిన్న ట్రక్కుల మీద సాగుతున్నాయి. అంటే ఈ సీమ రైతు బండి పరిమాణాన్ని మార్చుకోలేదు, ఎద్దులను మార్చుకొన్నాడు. సినిమా తెర మీద రాయలసీమ అనగానే సుమోలు గాలిలోకి లేస్తాయి. సీమను నిజంగా మోస్తున్నది తెర మీదకు రాని ఈ ముప్పాతిక టన్నుల బండి. దీనిలో మోసే పనీ, నడిపే పనీ ఒకేచోట చేరడంతో, మోయడమొక్కటే తెలిసిన పాతపదానికి దీనిలో చోటు దొరకలేదు.

నిఘంటువులో చేయవలసింది

ఇరుసుకు ‘యాక్సిల్’ అని ఒక్క మాటతో అర్థం రాయడం ఇకనైనా మానాలి. ఆరోపంలో ముందు చెప్పవలసింది దాని స్థిరత్వం: బండి అడుగున అడ్డంగా బిగించి ఉండి, తాను తిరగక, చక్రాలు తన కొసల మీద తిరుగుతుండగా బరువు మోసేది. తరవాత పదార్థం: మొదట కొయ్య, ముఖ్యంగా చిరుమాను, పిమ్మట ఇనుము. సంబంధపదాలు: కందెన, చీల, నాభి. లక్ష్యార్థం: కదలకుండా భారం వహించే ఆధారం. ‘నడిపించే శక్తి’ అన్న ప్రయోగాన్ని అర్వాచీనంగా, యాక్సిల్ ప్రభావం వల్ల వచ్చినదిగా వేరే చూపాలి. పత్రికలు దాన్ని వాడుతున్నాయి కనుక తప్పని కొట్టివేయనక్కర లేదు. ఎప్పుడు, దేనివల్ల వచ్చిందో చెప్పకుండా మొదటి అర్థం పక్కనే పెడితే మాత్రం శతకపద్యం చదివే విద్యార్థికి కరణం ఊరిని లాగే ఎద్దుగా కనిపిస్తాడు.

వృత్తిపదకోశాల కోసం ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో మాటలు చెప్పిన వడ్రంగుల తరం దాదాపు గడిచిపోయింది. కొయ్య ఇరుసును చెక్కిన చేతులు ఇక దొరకడం కష్టం. ఇనుప ఇరుసును కొలిమిలో సరిచేసినవారు, టైరుబండికి బేరింగు ఎక్కించినవారు, జీపు యాక్సిల్ మార్చేవారు మాత్రం కర్నూలులో, ప్రొద్దుటూరులో, కడపలో ఒకే వీధిలో పక్కపక్కన కూర్చొని ఉన్నారు. వాళ్లు తమలో తాము ఏ వస్తువును ఇరుసంటారో, దేన్ని యాక్సిల్ అంటారో, ఎక్కడ ఒకటి విడిచి మరొకటి పట్టుకొంటారో రాసుకోవడానికి వీలైన కాలం ఇదే.